నైరోబీలో తల్లిలేని ఏనుగు గున్నలను చూడటానికి వెళ్లేదెలా?

కెన్యా రాజధాని నైరోబీ అంచున, నేషనల్ పార్కు లోపల ఒక ఎర్రమట్టి మైదానం ఉంది. రోజూ ఉదయం 11 గంటలకు పక్కనున్న పొదల్లోంచి ఏనుగు గున్నలు పాల కోసం అక్కడికి పరుగెత్తుకొస్తాయి. తాగుతాయి, బురదలో దొర్లుతాయి, 12 గంటలకు మళ్లీ అడవిలోకి వెళ్లిపోతాయి. మామూలు సందర్శకులకు వాటిని చూసే అవకాశం ఆ ఒక్క గంటే. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి సఫారీ వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. దారిలో నైరోబీలో ఒక పూట ఉంటుంది కదా, చూసేద్దాం అనుకుని బయలుదేరినవారిలో కొందరు టికెట్టు దొరకక వెనుదిరుగుతారు. కొందరు వెళ్లి కూడా ఫోన్లో వీడియోలు తీసుకోవడంతోనే ఆ గంట గడిపేస్తారు. ఆ రెండూ మీకు జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా, అది ఏ చోటో తెలుసుకోండి

దీన్ని నడిపేది షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్. సావో ఈస్ట్ నేషనల్ పార్కు తొలి వార్డెన్ డేవిడ్ షెల్డ్రిక్ 1977లో చనిపోయాక ఆయన జ్ఞాపకంగా భార్య డాఫ్నీ దీన్ని స్థాపించారు. నైరోబీలోని గున్నల నర్సరీ 1987లో మొదలైంది. డాఫ్నీ 2018లో కన్నుమూశారు. ఇప్పుడు వాళ్ల కూతురు ఏంజెలా చూసుకుంటున్నారు. ఇప్పటివరకు 300కు పైగా గున్నలను ఈ సంస్థ పెంచింది.

ఇది జంతు ప్రదర్శనశాల కాదు. దవాఖానా, పసిబిడ్డల గది, బడి మూడూ కలిసిన చోటు అనుకుంటే దగ్గరగా ఉంటుంది. గున్నలు ఇక్కడ సుమారు మూడేళ్ల వయసు దాకా ఉంటాయి. ఆ తర్వాత వాటిని సావో ప్రాంతంలోని వోయి, ఇతుంబా కేంద్రాలకో, కిబ్వెజీ అడవిలోని ఉమానీ స్ప్రింగ్స్‌కో తరలిస్తారు. అక్కడ అడవి ఏనుగులతో పరిచయం పెరుగుతుంది. రాత్రిళ్లు కేంద్రానికి రాకుండా బయట ఉండటం మొదలవుతుంది. ఏళ్ల తరబడి అలా నడిచి నడిచి ఒకనాడు పూర్తిగా అడవి ఏనుగులైపోతాయి. మీరు చూడబోయే ప్రతి గున్న ఏదో ఒకనాడు మనుషులను విడిచి వెళ్లాల్సినదే. అక్కడి నియమాలన్నీ దాని కోసం పెట్టినవే.

ఈ పెంపకం ఎంత కష్టమో ఒక్క పాల సంగతి తెలుసుకుంటే చాలు. ఆవుపాలలోని కొవ్వు ఏనుగు గున్నకు అరగదు. విరేచనాలు పట్టుకుని చనిపోతుంది. తల్లిపాలకు సాటివచ్చే పాలు తయారు చేయడానికి డాఫ్నీకి దాదాపు 28 ఏళ్లు పట్టింది. ఎన్నో గున్నలు చేతుల్లోనే పోయాయి. చివరికి దారి చూపింది కొబ్బరినూనె. ఏనుగు పాలలోని కొవ్వుకు దగ్గరగా ఉన్నది అదేనని తేలింది. ఆ పాలు తాగి నిలిచిన తొలి గున్నల్లో ఒకదాని పేరు ఐషా. 1974లో, అది ఆరు నెలలది అవుతుండగా, కూతురి పెళ్లి కోసం డాఫ్నీ కొన్నాళ్లు వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. ఐషా తిండి మానేసింది, చనిపోయింది. పాలు కుదిరినా మనిషి కనిపించక బెంగతో పోయింది. అప్పటినుంచి ఏ గున్ననూ ఒక్క మనిషికే అలవాటు చేయకూడదని నియమం పెట్టుకున్నారు. గున్న దగ్గర పడుకునే సంరక్షకుడు ప్రతి రాత్రీ మారుతుంటాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని వెళ్లండి. అక్కడ కనిపించే సగం విషయాలు దీంతోనే అర్థమవుతాయి.

టికెట్టు ముందు, విమానం తర్వాత

అందరూ తిరగేసి చేసేది ఇదే. విమానం, హోటలు, సఫారీ అన్నీ కుదిరాక చివర్లో ఏనుగుల వైపు చూస్తారు. అప్పటికి ఆ తేదీల టికెట్లు అయిపోయి ఉంటాయి. సందర్శకుల సంఖ్యకు పరిమితి ఉంది, ముందుగా బుక్ చేసుకోనిదే లోపలికి రానివ్వరు. జులై నుంచి సెప్టెంబరు దాకా, క్రిస్మస్ సెలవుల్లో రద్దీ మరీ ఎక్కువ. అందుకని ప్రయాణం ఖాయం అనుకున్న రోజే ట్రస్ట్ సొంత వెబ్‌సైట్ తెరిచి తేదీ చూడండి. మూడు నెలల ముందు చూస్తే నిశ్చింత. డిసెంబరు 25న మూసి ఉంటుంది.

బుక్ చేసేటప్పుడు మూడు సంగతులు సరిచూసుకోండి. మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశారా? పిల్లలకు విడిగా టికెట్టు కావాలా? పార్కు ప్రవేశ రుసుము దీంట్లో కలిసి ఉందా, పార్కులను చూసుకునే ప్రభుత్వ సంస్థ కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్‌కు వేరుగా కట్టాలా? రుసుములు మారుతుంటాయి కాబట్టి నేను అంకె రాయడం లేదు, ఆ రోజు వెబ్‌సైట్‌లో కనిపించేదే లెక్క. టికెట్టు వచ్చాక కాగితం మీద ఒక ప్రతి తీసి పెట్టుకోండి. గేటు దగ్గర ఇంటర్నెట్ అందకపోతే అదే పనికొస్తుంది.

సఫారీ కంపెనీతో వెళ్తుంటే "ఏనుగులు మేం చూపిస్తాం" అన్న మాట మీద ఆగిపోవద్దు. బుకింగ్ ఖాయమైనట్టు వచ్చిన సందేశం చూపించమని అడగండి.

నైరోబీలో ఈ సందర్శనను మొదటి రోజు పెట్టుకోవద్దని నా సలహా. విమానం ఆలస్యమైతే టికెట్టు వృథా. మారా నుంచి తిరిగొచ్చిన మర్నాడు అయితే హాయిగా ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. పెద్ద ఏనుగుల మందలను అడవిలో చూసి వచ్చిన కంటికి, తల్లిలేని ఈ పిల్లలు ఏం పోగొట్టుకున్నాయో చెప్పకుండానే తెలుస్తుంది.

కాగితాలు, టీకా

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. కెన్యా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయండి. అచ్చం అలాగే కనిపించే దళారీ సైట్లు రెట్టింపు తీసుకుంటాయి.

అంతకన్నా ముఖ్యమైనది పసుపు జ్వరం (యెల్లో ఫీవర్) టీకా. కెన్యా నుంచి భారత్‌కు తిరిగి వచ్చేవారి దగ్గర ఈ టీకా ధ్రువపత్రం ఉండాలి. లేకపోతే విమానాశ్రయంలో దిగాక క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఆరోగ్య అధికారులకు ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రం. మిగతా కేంద్రాల జాబితా కేంద్ర ఆరోగ్య శాఖ ఇస్తుంది. గుడ్డు పడనివారు, 60 దాటినవారు, తొమ్మిది నెలలు నిండని పసివాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. పత్రాన్ని పాస్‌పోర్టులోనే పెట్టి ఉంచండి. పెట్టెలో పెడితే, ఆ పెట్టె బెల్టు మీద తిరుగుతుండగా మీరు కౌంటరు దగ్గర నిలబడి ఉంటారు.

సంచిలో ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టుకోకూడదు

ఇక్కడ మనవాళ్లకు తప్పనిసరిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2020 జూన్ 5 నుంచి నేషనల్ పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ తీసుకెళ్లకూడదు. నీళ్ల సీసాలు కూడా అందులోకే వస్తాయి. పచ్చడి సీసాకు చుట్టిన కవరు, చెప్పులు పెట్టిన కవరు, తడి బట్టల కవరు, విమానాశ్రయ దుకాణంలో ఇచ్చిన కవరు అన్నీ ఇంటి దగ్గరే తీసేసి గుడ్డ సంచుల్లోకి మార్చండి. నీళ్లకు స్టీలు సీసా మేలు.

నైరోబీ భూమధ్యరేఖకు దగ్గర్లోనే ఉన్నా సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. ఆఫ్రికా అనగానే ఎండ అనుకుని పలచని బట్టలతో దిగితే జూన్, జులై, ఆగస్టు ఉదయాల్లో వణుకు పుడుతుంది. ఒక స్వెటరు ఉండాలి. పదకొండు దాటాక మబ్బు విడిస్తే మాత్రం ఎండ నెత్తిన సూదులు గుచ్చినట్టు ఉంటుంది. నిలబడేది ఆరుబయట, కాబట్టి టోపీ మరవద్దు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. వానలో గొడుగు విప్పితే వెనుకవారికి కనపడదు, గున్నలు కూడా బెదరవచ్చు. రెయిన్‌కోటు తెచ్చుకోండి.

అక్కడి మట్టి ఎర్రటి ఎరుపు. తెల్లచీర, తెల్ల ప్యాంటు, కొత్త బూట్లు వద్దు. బురదలో దిగిన గున్న తొండం విదిలిస్తే చినుకులు తాడు ఇవతలికి కూడా వస్తాయి. గోధుమ, ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు బాగుంటాయి. అయితే సైనికుల చారల దుస్తులు మాత్రం వేసుకోవద్దు. కెన్యాలో పౌరులు అవి ధరించడం చట్టవిరుద్ధం.

అరటిపండు, బెల్లం, కొబ్బరికాయ లాంటివి తీసుకెళ్లకండి. గుడి ఏనుగుకు పండు పెట్టి తలమీద తొండం పెట్టించుకోవడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. అందులో భక్తి ఉంది, కాదనను. ఈ గున్నలకు మాత్రం మనిషి చేతిలో తిండి ఉంటుందని తెలియడమే ప్రమాదం. రేపు అడవిలోకి వెళ్లాక, ఆ నమ్మకంతో ఏ రైతు వాకిట్లోకో, వేటగాడి ముందుకో అది నడిచి వెళ్లకూడదు.

ఆ ఉదయం: దారి తప్పకండి

నైరోబీ నేషనల్ పార్కుకు చాలా గేట్లు ఉన్నాయి. మీరు వెళ్లాల్సింది మాగాడి రోడ్డు వైపున్న మ్బగాతీ గేటుకు. టాక్సీ డ్రైవరుతో "ఏనుగుల అనాథాశ్రమం" అంటే సరిపోదు. పార్కు ప్రధాన ద్వారం దగ్గర, లాంగాటా రోడ్డు మీద "యానిమల్ ఆర్ఫనేజ్" అనే మరో చోటు ఉంది. అది కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్ వారిది. బోనుల్లో సింహాలు, చిరుతలు, కోతులు ఉంటాయి, మీరు చూడాలనుకున్న గున్నలు ఉండవు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు సరిగ్గా అక్కడే దిగాను. మళ్లీ కారెక్కి, ట్రాఫిక్‌లో చుట్టు తిరిగి మ్బగాతీ గేటు చేరేసరికి 11 దాటి 20 నిమిషాలైంది. చిన్న గున్నల గుంపు అప్పటికే పాలు తాగి వెళ్లిపోయింది. ఆ ఇరవై నిమిషాలు నాకు ఇంకా వెలితిగానే ఉన్నాయి. అందుకని "షెల్డ్రిక్, మ్బగాతీ గేట్" అన్న రెండు మాటలూ కలిపి చెప్పండి. ఫోన్లో పటం తెరిచి డ్రైవరుకు చూపించండి.

నగరం మధ్య నుంచి బయలుదేరితే ఉదయం ట్రాఫిక్‌కు ఒక గంట కేటాయించండి, వానరోజైతే ఇంకో అరగంట. గేటు దగ్గర తనిఖీ, వరుస ఉంటాయి. 10:30 కల్లా అక్కడ ఉండాలి. గేటు దాటాక నర్సరీ దాకా దారి పార్కు లోపలే. సింహాలు తిరిగే పార్కు అది, నడిచి వెళ్దామనుకోవద్దు. కారును పంపేయకుండా వెనక్కి తీసుకెళ్లే దాకా ఉండమని డ్రైవరుతో ముందే మాట్లాడుకోండి. ఒంటిగంట దాకా అంటే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఎక్కడ నిలబడాలి

మైదానం చుట్టూ తాడు కట్టి ఉంటుంది. గేటు తెరవగానే జనం గున్నలు వచ్చే బాట దగ్గరకు పరుగెడతారు. మీరు అటు వెళ్లకండి. పరుగెత్తుకొచ్చే గున్నలను అక్కడ రెండు క్షణాలే చూస్తారు. ఆ తర్వాత గంటంతా వాటి వీపులే కనిపిస్తాయి. బురదమడుగుకు, పాలసీసాల తోపుడుబండికి మధ్య తాడు దగ్గర నిలబడండి. పాలు తాగడం, ఆకులు తినడం, బురదలో పడటం మూడూ మీ ముందే జరుగుతాయి. పిల్లలను, పొట్టివారిని ముందుకు పంపండి. ఎత్తైనవారు వెనుక నిలబడినా బాగానే కనిపిస్తుంది.

తాడు దాటి చేయి చాపవద్దు. గున్న తనంతట తానే మీ దగ్గరికి వచ్చినా సరే, చేతులు మీ దగ్గరే ఉంచుకోండి. మీ చేతి మీద ఉండే సూక్ష్మక్రిములు తల్లిపాలు లేని పసికందుకు పెద్ద జబ్బవుతాయి. ఇక మనసు సంగతి ఐషా కథలోనే ఉంది. ఫ్లాష్ ఆపేయండి, ఫోను మోగకుండా చూసుకోండి. అరుపులు, ఈలలు, పేరు పెట్టి పిలవడం వద్దు.

ఆ గంటలో ఏం చూడాలి

గున్నలు సాధారణంగా రెండు గుంపులుగా వస్తాయి. ముందు చిన్నవి, అవి వెళ్లాక పెద్దవి. సంరక్షకుల్లో ఒకరు మైకు పట్టుకుని ఒక్కో గున్న పేరు, ఎక్కడ దొరికింది, తల్లికి ఏమైంది చెబుతారు. పేర్లు ఎక్కువగా దొరికిన ప్రాంతాన్ని బట్టి పెడతారు. ఇంగ్లిషులోనే చెబుతారు, అర్థం కాకపోతే పక్కవారిని అప్పుడే అడగకుండా వినండి, చివర్లో అడిగే సమయం ఉంటుంది.

ఆ కథల్లో నాలుగు కారణాలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. దంతాల వేట, కరవు, బావుల్లో గుంటల్లో పడిపోవడం, మనుషులతో ఘర్షణ. 1973లో లక్షా 67 వేల దాకా ఉన్న కెన్యా ఏనుగులు 1989 నాటికి 16 వేలకు పడిపోయాయి. ఆ పదహారేళ్ల విధ్వంసంలోనే ఈ నర్సరీ పుట్టింది. 2021 లెక్కల్లో 36 వేలకు పైగా ఉన్నట్టు తేలింది. వేట తగ్గింది. మనుషులతో ఘర్షణ మాత్రం తగ్గలేదు. ఆ మాట విన్నప్పుడు పలమనేరు, కుప్పం వైపు చేలు, పార్వతీపురం మన్యం గ్రామాలు గుర్తురాక మానవు. రాత్రంతా పంటకు కాపలా కాసే రైతు బాధ, కరెంటు తీగ తగిలి కూలిన తల్లి ఏనుగు బాధ రెండూ మనకు తెలిసినవే.

ఇప్పుడు నేను అందరికీ చెప్పే మాట. మొదటి పది నిమిషాలు ఫోటోలు తీసుకోండి, తర్వాత ఫోను జేబులో పెట్టేయండి. గున్న నుంచి చూపు కాస్త పక్కకు తిప్పి, ఆకుపచ్చ పొడవాటి కోటు వేసుకున్న మనిషిని చూడండి. మన భాషలో ఏనుగును చూసుకునేవాడికి మావటి అనే మాట ఉంది. ఇక్కడ ఆ మాట కుదరదు. అంకుశం లేదు, గొలుసు లేదు, మీద కూర్చోవడం లేదు. అతను తల్లి పని చేస్తున్నాడు.

నేను చూసిన ఒక గున్నకు ఒంటిమీద దుప్పటి కట్టి ఉంది. తల్లి కడుపు కింద నిలబడితే దొరికే వెచ్చదనం పసిగున్నకు లేదు కాబట్టి చల్లటి రోజుల్లో అలా కడతారు. అది తోపుడుబండి వైపు పరుగెత్తి సగంలో ఆగిపోయింది. నోరు తెరిచి, తొండం పైకెత్తి ఎటు వెళ్లాలో తెలియనట్టు నిలబడింది. అంత చిన్న వయసులో తొండంతో ఏం చేయాలో దానికి ఇంకా తెలియదు. అతను రెండు అడుగులు వేసి సీసా నోటికి అందించాడు. అది తాగుతూనే తొండాన్ని అతని చంకలోకి, మెడ వెనక్కి, చివరికి కోటు మడత మీదకి జరిపి అక్కడ ఆపింది. ఏనుగు గున్న తల్లి దగ్గర తాగేటప్పుడు తొండం ఆమె ఒంటిని తాకుతూ ఉండాలి. ఆ తాకిడి లేకపోతే కొన్ని గున్నలు సీసా పట్టవు. అందుకే కొట్టాల్లో దుప్పటి వేలాడదీసి, దాని వెనుక నుంచి సీసా పడతారు. ఆ దుప్పటే తల్లి పొట్ట. సీసా ఖాళీ అయ్యాక అతను తన వేలు దాని నోట్లో పెట్టాడు. అది కళ్లు సగం మూసి వేలు చప్పరిస్తూ అలాగే నిలబడిపోయింది. చుట్టూ జనం ఉన్నా అతను దాన్ని తొందరపెట్టలేదు.

పసివాటికి మూడు గంటలకొకసారి పాలు, రాత్రంతా కూడా. అలారం మోగగానే లేచి పాలు పట్టి, జారిన దుప్పటి సరిచేసి, మళ్లీ అదే కొట్టంలో ఎత్తుగా కట్టిన మంచం మీద పడుకుంటారు. ఇంట్లో సొంత పిల్లలున్న మనుషులు వీళ్లు. చివర్లో మాట్లాడే అవకాశం దొరికితే "అసాంతే సానా" అని స్వాహిలీలో చెప్పండి. చాలా కృతజ్ఞతలు అని దానర్థం.

పాల తర్వాత బురద. ఎండ నుంచి, పురుగుల నుంచి చర్మాన్ని కాపాడేది అదే. గున్నల మధ్య తగవులు కూడా అక్కడే జరుగుతాయి. కాస్త పెద్ద ఆడ గున్నలను గమనించండి. చిన్నవాటి పక్కన చేరి, తొండంతో తడిమి, జారిపోతే అడ్డం నిలబడతాయి. ఎవరూ నేర్పలేదు. మధ్యలో అడవి పందులు కూడా వచ్చి తిరుగుతాయి, వాటికి దూరంగా ఉండండి.

పిల్లలతో వెళ్తే

ఐదేళ్ల లోపు పిల్లలకు గంట నిలబడటం కష్టం. ముందుగా తినిపించి తీసుకెళ్లండి. ఏనుగు మీద ఎక్కించరని, ముట్టుకోవడం ఉండదని హోటల్లోనే చెప్పండి, అక్కడికి వెళ్లాక చెబితే ఏడుపే. వాళ్లు "అమ్మ ఏది?" అని తప్పకుండా అడుగుతారు. దాచకండి. చనిపోయిందని, ఇప్పుడు వీళ్లు చూసుకుంటున్నారని చెబితే పిల్లలు మనం అనుకున్నంత కుంగిపోరు. వృద్ధులుంటే ముందే సిబ్బందికి చెప్పండి, కాసేపు కూర్చునే చోటు చూపిస్తారేమో అడగవచ్చు.

మధ్యాహ్నం ఏం చేయాలి

అదే పార్కులో, ప్రధాన ద్వారానికి దగ్గర్లో దంతాలు తగలబెట్టిన స్థలం ఉంది. 1989లో అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ 12 టన్నుల దంతాలకు అక్కడే నిప్పు పెట్టారు. ఆ ఏడాదే అంతర్జాతీయ దంత వ్యాపారం మీద నిషేధం వచ్చింది. 2016 ఏప్రిల్ 30న అక్కడే 105 టన్నులు తగలబెట్టారు. ఉదయం గున్నలను చూసి, మధ్యాహ్నం ఆ బూడిద కుప్పల దగ్గర నిలబడితే ఒకదాని అర్థం ఇంకొకటి చెబుతుంది. పార్కు టికెట్టు వేరుగా కావాలేమో ముందే కనుక్కోండి, కారు కూడా కావాలి. అంత తీరిక లేకపోతే లాంగాటాలోని జిరాఫీ కేంద్రం దగ్గరే, పిల్లలకు నచ్చుతుంది. భోజనానికి పార్క్‌లాండ్స్ వెళ్తే గుజరాతీ శాకాహార హోటళ్లు ఉన్నాయి.

కెన్యా దాకా వెళ్లలేకపోతే

శ్రీలంకలో ఉడవలవె ఏనుగుల కేంద్రం ఉంది. అక్కడి వన్యప్రాణి శాఖ 1995లో మొదలుపెట్టింది. గున్నలను పెంచి పక్కనే ఉన్న ఉడవలవె నేషనల్ పార్కులో వదిలేస్తారు. పాల వేళల్లో దూరంగా కట్టిన గ్యాలరీ నుంచి మాత్రమే చూడనిస్తారు. చెన్నై నుంచి కొలంబో దగ్గరే కాబట్టి మనకు ఖర్చు బాగా తగ్గుతుంది.

ఏ దేశంలోనైనా "ఏనుగుల అనాథాశ్రమం" బోర్డు చూసినప్పుడు వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. ఇప్పటివరకు ఎన్ని గున్నలను అడవిలోకి పంపారు? సందర్శకులను ముట్టుకోనిస్తారా, ఎక్కనిస్తారా? మొదటిదానికి జవాబు లేక, రెండోదానికి "ఓ, తప్పకుండా" అన్న జవాబు వస్తే అక్కడ డబ్బు ఖర్చు పెట్టకండి. ఏనుగును నిమరనివ్వని చోటే నేను నమ్ముతాను.

ఇంటికొచ్చాక

అక్కడ ఉన్నప్పుడే, లేదా ఇంటికొచ్చాక వెబ్‌సైట్‌లో ఒక గున్నను దత్తత తీసుకోవచ్చు. ఏడాదికి కనీసం 50 డాలర్లు. దత్తత అంటే అది మీ సొంతమవుతుందని కాదు, దాని పాల ఖర్చులో మీకు ఒక వాటా ఉంటుంది. పుట్టినరోజు కానుకగా పిల్లల పేరు మీద తీసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ప్రతి నెలా సంరక్షకులు రాసే డైరీ ఈమెయిల్‌లో వస్తుంది. ఏ గున్న ఎవరితో స్నేహం చేసింది, ఎవరు పాలు దొంగిలించారు, ఎవరికి ఒంట్లో బాగాలేదు అన్నీ రాస్తారు. ఆ డైరీ చదవండి, పిల్లలకు చదివి వినిపించండి. కొన్ని నెలలు ఏమీ జరగనట్టే ఉంటుంది, కొన్నిసార్లు చెడు కబురు కూడా ఉంటుంది. చాలా ఆలస్యంగా దొరికిన గున్నలు కొన్ని నిలవవు.

మంచి కబుర్లు ఎలా ఉంటాయో యట్టాను చూస్తే తెలుస్తుంది. నర్సరీలో పెరిగి సావోలో అడవివైపోయిన ఈ ఆడ ఏనుగు 2012లో పిల్లను కంది. అప్పుడే పుట్టిన ఆ గున్నను వెంటబెట్టుకుని తనను పెంచిన మనుషుల దగ్గరికి తెచ్చి చూపించింది. ఆ గున్నకు యేటూ అని పేరు పెట్టారు. స్వాహిలీలో "మనది" అని.

డైరీలో ఒక సంగతి కోసం మాత్రం చూస్తూ ఉండండి. నర్సరీ ఆవరణలో ఒక పెద్ద లారీని నిలబెట్టి, కొన్ని గున్నలకు దాని లోపలే పాలు పట్టడం మొదలుపెడతారు. సావో దాకా ప్రయాణానికి బెదరకుండా ఉండాలని ఆ సాధన. మీరు దత్తత తీసుకున్న గున్న లారీ ఎక్కి పాలు తాగుతోందని రాశారంటే, కొద్ది రోజుల్లో ఒక తెల్లవారుజామున అది నైరోబీ విడిచి వెళ్తుంది. ఆ తర్వాత మీరు మళ్లీ మ్బగాతీ గేటు దాటి వెళ్లినా ఆ మైదానంలో అది ఉండదు. దాని చోట ఇంకో పసిది దుప్పటి కట్టుకుని పాల కోసం చూస్తూ ఉంటుంది.